ఛాంపియన్‌కే తప్పులు దిద్దిన పెన్సిల్

ఈ ఘోరాన్ని రాసి పెట్టకపోతే, లైబ్రరీలో పుస్తకం పట్టిన ప్రతివాడూ నాలాగే మునిగే ప్రమాదం ఉంది. అందుకే పరువు పక్కన పెట్టి రాస్తున్నాను.

తొంభైల్లో నేను అశోక్ నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు. నేను చదివింది చదరంగం. ఒక ప్రపంచ ఛాంపియన్ ఆటలు, ఎత్తు ఎత్తుకూ వివరణతో ఉన్న పుస్తకం కోసం నెల రోజులు వెతికాను. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికినవాటిలో ఎత్తులుంటే వివరణ లేదు, వివరణ ఉంటే సగం పేజీలు లేవు. చివరికి చిక్కడపల్లి లైబ్రరీలో దొరికింది. అచ్చు వివరణ ఇంగ్లీషులో. అంచుల్లో మాత్రం పెన్సిల్‌తో చక్కని తెలుగు! "ఇక్కడ ఛాంపియన్ పొరపాటు. గుర్రం కాదు, మంత్రి రావాలి."

ఒళ్లు పులకరించింది. ఛాంపియన్‌కే తప్పులు దిద్దినవాడు ఎంత ఘనుడై ఉండాలి! అచ్చును వదిలేసి పెన్సిల్‌ను కంఠస్థం చేశాను.

ఇంతలో నారాయణగూడలో పోటీలు. మా హాస్టల్ జట్టులో ఒక్క చోటే ఖాళీ. దాని మీద నాకూ, నా రూమ్మేట్ యాదగిరికీ కన్ను. ఎంపిక చేసేది నర్సింగరావు సార్. రిటైరైన గుమాస్తా, టీ కొట్టు బల్ల మీద మా అందరికీ గురువు.

"నా ముంగట ఇరవై ఎత్తులు నిలబడు బిడ్డా, చోటు నీదే" అన్నారు.

మూడో ఎత్తుకే మంత్రిని బయటికి దింపాను.

"జర ఆలోచించు."

"ఆలోచించేటోళ్లు వేరే ఉన్నరు సార్. నేను అమలు చేస్తున్న."

"ఏందిరా, నీ గుర్రాలు పండుకున్నయా?" అన్నాడు యాదగిరి.

"నీకు తెల్వదు, చూస్తుండు. ఇది లైబ్రరీ చదువు!"

ఆరో ఎత్తుకు నా మంత్రి, ఆఫీసులు వదిలే వేళ నారాయణగూడ చౌరస్తాలో స్కూటర్‌లా సార్ బంట్ల మధ్య ఇరుక్కుంది. ఎనిమిదో ఎత్తుకు పోయింది. పదకొండో ఎత్తుకు రాజు కూడా. చదవేస్తే ఉన్న మంత్రి పోయిందన్నమాట!

"పుస్తకంల ఇట్లనే ఉంది సార్!" అంటూ సంచిలోంచి తీశాను. "చూడుండ్రి, మహానుభావుడెవరో రాసిండు."

సార్ కళ్లద్దాలు సవరించుకుని చూశారు. టీ ఒలికేదాకా నవ్వారు.

"ఆ మహానుభావుడు నేనే బిడ్డా. ఆట నేర్చుకున్న మొదటి వారంల రాసిన."

కొట్టంతా ఘొల్లుమంది.

"మరి చెరపొద్దా సార్?"

"ఆఖరి పేజీ చూసినవా?"

అప్పుడు చూశాను. అదే పెన్సిల్, అదే చక్కని తెలుగు. "పైన నేను రాసినవన్నీ తప్పు. ఛాంపియన్ ఆడిందే సరి. రబ్బరు దొరకలేదు. చదివేవారు మన్నించాలి."

ఆ టీ గ్లాసు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఏ పుస్తకమైనా ఆఖరి పేజీతోనే మొదలుపెడతానని! దీనివల్ల డిటెక్టివ్ నవలల్లో హంతకుడు నాకు ముందే దొరికిపోతున్నాడు. అయినా మాట మాటే.

ఈ పరాభవానికి సహకరించిన నర్సింగరావు సార్‌కూ, నా చోట్లో వెళ్లి మొదటి ఆటలోనే ఓడి నన్ను ఓదార్చిన యాదగిరికీ, ఒలికిన టీకి బదులు మరో టీ పోసిన కొట్టు యజమాని మల్లేశన్నకూ కృతజ్ఞతలు. ఆ పెన్సిల్ రాతలు రాసిన నాడు లైబ్రరీలో పక్క కుర్చీలో కూర్చుని సార్‌కు రబ్బరు ఇవ్వని ఆ మనిషి పేరొక్కటే తెలియలేదు. తెలిస్తే అందరికన్నా ముందు రాసేవాణ్ణి.