నున్నబడిన దొరసాని

పేరమ్మది రాజోలు దగ్గర పల్లె. గల్ఫ్‌లో, ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ ఊరి బయట, ఖర్జూరపు తోట మధ్య ఉన్న ఇంట్లో తొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. ఆ ఇంటి హాల్లో పెద్ద నూనెరంగుల చిత్రం ఉంది. నీలం పట్టు గౌను, మెడచుట్టూ తెల్లని లేసు, పెదవుల మీద చిన్న విరుపు. ఏ ఇంగ్లీషు ప్రభువు భార్యో! చనిపోయిన యజమాని పెళ్లయిన కొత్తలో లండన్‌లో కొని భార్య ఫైజాకు కానుకగా ఇచ్చాడట. పేరమ్మ ఆ బొమ్మను దొరసాని అనేది. వారానికోసారి మెత్తని కుంచెతో దుమ్ము దులిపేది.

2022 వేసవిలో ఏసీ నీళ్లు కారి ఫ్రేము చెక్క ఉబ్బింది. ఇంటి వ్యవహారాలు చూసే ముదీర్, కడప ఖాదర్ హుస్సేన్, చిత్రాన్ని బాగుచేయించడానికి దుబాయ్‌లోని అల్ ఖూజ్‌కు తీసుకెళ్లాడు. మూడు వారాలకు తెచ్చి మళ్లీ వేలాడదీశాడు.

మొదటిసారి దులిపినప్పుడే పేరమ్మ చెయ్యి ఆగిపోయింది. లేసు దగ్గర రంగు గట్టులా లేచి ఉండేది, కుంచె అక్కడ తట్టుకునేది. ఇప్పుడు నున్నగా జారిపోయింది. వాసన చూసింది. పచ్చి రంగు.

"ఖాదర్ గారూ, బొమ్మ మారిపోయినట్టుందండి."

"వార్నిష్ కొట్టినారులేమ్మా. నీకేంటికి అదంతా? పని జూసుకో," అన్నాడతను, ముఖం తిప్పుకుని.

ఆ రోజు నుంచి పేరమ్మ కళ్లు అతని వెంటే తిరిగాయి. తను గదిలోకి వస్తే అతను ఫోన్ మాటలు ఆపేస్తున్నాడు. హాలుకు తాళం వేయిస్తున్నాడు. రేపు దొంగతనం బయటపడితే ముందు వెతికేది పనిమనిషి పెట్టెనే కదా! ఆ భయంతోనే, మళ్లీ దులపడానికి వెళ్లినప్పుడు ఫ్రేమును తిప్పి చూసింది.

వెనక అంటించిన చీటీలో షాపు నంబరు దొరికింది. ఫోన్ ఎత్తింది నెల్లూరు మీరా హుస్సేన్, ఫ్రేములు చేసే మనిషి.

"అక్కా, మా కాడికి ఉత్త ఫ్రేమే వచ్చింది. బొమ్మ రాలా," అన్నాడు.

పేరమ్మ నేరుగా ఫైజా దగ్గరకు వెళ్లి, వచ్చిన అరబ్బీలోనే చెప్పింది. అక్కడ పనివాళ్లు యజమానురాలిని మామా అనే పిలుస్తారు. "మామా, అది దొంగ బొమ్మ. ముదీర్ అసలుది తీసేశాడు."

ఫైజా లేచి తలుపు వేసింది.

"తీయించింది నేనే. సవతి కొడుకు సైఫ్ ఇంట్లో వస్తువులన్నీ అమ్మాలని చూస్తున్నాడు. అది నాది. షార్జాలో ఉన్న నా కూతురికి పంపేశాను. నకలు గీయించాను. ఖాదర్‌కు తప్ప ఎవరికీ తెలియదు." తర్వాత అడిగింది, "ఇంతకీ నువ్వెలా పట్టావు?"

"చేతికి తెలిసింది మామా."

ఆ సాయంత్రం పేరమ్మ ఖాదర్ గదికి టీ తీసుకెళ్లింది. "మిమ్మల్ని దొంగనుకున్నానండి. ఏమనుకోకండి."

"నేనూ నిన్ను అనుమానించినాలే. సైఫ్‌కు మాటలు మోస్తావేమోనని," అన్నాడతను.

రెండు నెలలకు సైఫ్ పాత చిత్రాల విలువ కట్టే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన భూతద్దం పెట్టి చూసి, ఇది నకలన్నాడు. సైఫ్ ఇంట్లో అందరినీ నిలబెట్టి అడిగాడు. పేరమ్మ వంతు వచ్చింది.

"నేను దుమ్ము దులుపుతానండి. బొమ్మల సంగతి నాకేం తెలుసు?"

సైఫ్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. చివరికి, "మా నాన్నను లండన్‌లోనే మోసం చేసుంటారు," అని విసురుగా వెళ్లిపోయాడు. అతని కారు గేటు దాటే దాకా పేరమ్మ తల ఎత్తలేదు.