రెండు వారాల ఒడ్డు

అటవీశాఖ అధికారి బండి వచ్చేసరికి ఆ అమ్మాయి తాము కాపురముంటున్న ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. దిగినతను చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు. ట్రైలర్ ఒకేచోట నిలిపి నెల దాటిందని తమకు తెలిసిందనీ, చీకటి పడేలోగా తీసేయాలనీ, లేదంటే తామే లాగించి యార్డులో పడేయిస్తామనీ చెప్పాడు. ఆమె కత్తి పక్కన పెట్టి, లేచి నిలబడి విన్నది. ట్రైలర్ తీసుకుపోతే తామిద్దరూ ఎక్కడ ఉండాలని మాత్రం అడిగింది. అతను తలుపు మీద ఒక కాగితం అంటించి వెళ్ళిపోయాడు.

మా బండి వాళ్ళకు నాలుగు చెట్ల అవతల ఉంది. నాకు అంతా వినిపించింది. తమకు తెలిసిందని అన్నాడంటే, ఎవరో చెప్పారన్నమాట. మేం ఉంటున్న సరస్సు ఒడ్డున ఫోన్ పనిచేయదు. ఎవరు చెప్పినా, మట్టిరోడ్డు మీద కొండ దిగి టౌన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేసి ఉండాలి. అలా దిగినవాళ్ళెవరో ఆ ఒడ్డున ఉన్న అందరికీ తెలుసు.

కెనడాలో, చలికాలం మేముండే బర్నబీ ఊరి నుంచి తూర్పుగా లోయంతా దాటి, కలప లారీల దారిలో పైకెక్కితే ఆ సరస్సు వస్తుంది. అది ప్రభుత్వ భూమి. ఎవరైనా వచ్చి బండి నిలుపుకోవచ్చు, అద్దె లేదు. కానీ ఒకే జాగాలో రెండు వారాలకు మించి ఉండకూడదు. దినపత్రికలో ఉద్యోగం మానేశాక నేనూ మా ఆవిడా లోపలే వంటా పడకా ఉన్న ఒక పాత మోటర్‌హోమ్ కొనుక్కుని, మంచు కరిగినప్పటి నుంచి మళ్ళీ పడేదాకా అక్కడే ఉండడం అలవాటు చేసుకున్నాం. మాలాంటివాళ్ళు ఇంకొందరు ఉండేవారు. వాళ్ళలో కొందరికి ఆ బండి తప్ప వేరే ఇల్లు లేదు.

రెండు వారాల నియమంతో నెగ్గుకురావడానికి వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. గడువు రాగానే అందరూ ఒక్కో జాగా పక్కకు జరుగుతారు. మీ జాగాలోకి నేను, నా జాగాలోకి ఇంకొకరు. అలా తిరుగుతూ తిరుగుతూ సీజను గడిచిపోతుంది. జరగబోయే ముందురోజు సాయంత్రం, తాము వెళ్ళబోయే జాగాలో ఒక మడత కుర్చీ వేసి వస్తారు. కుర్చీ ఉన్న జాగాలో ఇంకెవరూ దిగరు. ఇది ఎక్కడా రాసి లేదు. మాకు కూడా మొదటి ఏడాది ఎవరూ చెప్పలేదు. చూసి నేర్చుకున్నాం.

కెనడాకు మన పిల్లలు వెల్లువలా వచ్చిపడిన సంవత్సరాలవి. ఇళ్ళ కింద అద్దెకిచ్చే బేస్‌మెంట్‌లు నిండిపోయాయి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకున్నారు. ఆ ఎండాకాలం ఈ జంట వచ్చారు. భార్య కాలేజీ స్టూడెంట్, భర్త ఆమె చదువు మీద వచ్చిన వర్క్ పర్మిట్‌తో లోయలో బ్లూబెర్రీ పళ్ళు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేస్తున్నాడు. ఇంటి ఓనరు ఉన్నట్టుండి ఖాళీ చేయించాడట. ఒక పాత ట్రైలర్ కొనుక్కుని, తెలిసినవాడి పికప్ ట్రక్కుతో లాగించుకుని పైకి వచ్చారు. రెండు వారాలయ్యాక వచ్చి జరుపుతానని చెప్పిన ఆ తెలిసినవాడు మళ్ళీ కనబడలేదు. వాళ్ళకున్నది చిన్న కారు. అది ట్రైలర్‌ని లాగలేదు. సెప్టెంబరులో కాలేజీ దగ్గర గది దొరికేదాకా ఆ ట్రైలరే వాళ్ళ ఇల్లు.

తెలుగు వినబడగానే మా ఆవిడ ముఖం మారింది.

“అడవిలోకొచ్చినా మనవాళ్ళు తప్పలేదా,” అంది.

అది ఎగతాళి మాత్రమే అనుకున్నాను. మర్నాడు చూస్తే చేతి గాజులు తీసి బియ్యం డబ్బాలో దాచింది. ఎందుకని అడిగితే, ఊరికే అంది. ఆ జంటతో కలిపి మమ్మల్నీ ఒకే గాటన కడతారన్న ఆమె భయం నాకు అర్థం కాకపోలేదు. అన్నేళ్ళూ ఆ ఒడ్డున తెల్లవాళ్ళు కాని మనుషులం మేమిద్దరమే. మా వంకాయ కూర రుచి చూసి మెచ్చుకున్నవాళ్ళే, ఈ జంట వచ్చాక మమ్మల్ని కొత్తగా చూడసాగారు. పక్క జాగాలో ఉండే ముసలాయన నన్ను అడిగాడు, వాళ్ళు మీ బంధువులా అని. ఆయన కలప నరికే పనిలో జీవితమంతా గడిపి, భార్య పోయాక ట్రైలర్‌లోకి మారిన మనిషి. కానే కాదని నేను అవసరమైనదానికంటే త్వరగా చెప్పాను.

అనుమానించడం నా వృత్తిలోంచి వచ్చిన అలవాటు. ఆ అబ్బాయి చీకటితో వెళ్ళి, ఒక్కోరోజు మధ్యాహ్నానికే వచ్చేసేవాడు. ట్రైలర్ కింద నీలం పట్టా కప్పిన సామాను రోజురోజుకీ పెరుగుతుండేది. ఏముందక్కడ అని చూపు అటే పోయేది నాకు.

ఒక శుక్రవారం ముసలాయన తన కుర్చీని నీళ్ళ పక్కనున్న మంచి జాగాలో వేసి వచ్చాడు. శనివారం ట్రైలర్ తగిలించుకుని వెళ్ళేసరికి అక్కడ కుర్చీ లేదు. చేపలు పట్టేవాళ్ళ గుంపొకటి గుడారాలు వేసుకుని ఉంది. ఆయన అటూ ఇటూ వెతుక్కుని తిరిగివచ్చేలోగా పాత జాగాలో వదిలివెళ్ళిన ఆయన చిన్న జనరేటర్ మాయమైంది. ఆదివారం ఆ గుంపు వెళ్ళిపోయింది. సాయంత్రం చూస్తే కుర్చీ ఆ జంట ట్రైలర్ ముందు ఉంది. అమ్మాయి దాంట్లో కూర్చుని చదువుకుంటోంది.

అందరూ చూశారు. అడగడానికి నేనే వెళ్ళాను, మా ఆవిడ వద్దంటున్నా వినకుండా. చివరికి ఆమే నా వెనకాలే వచ్చింది.

“ఎవరో పడేసి పోయారనుకున్నాం అంకుల్,” అంది అమ్మాయి. “సర్రేలో మా బేస్‌మెంట్‌ సామానంతా రోడ్డు పక్కన తెచ్చుకున్నదే కదా. మంచం, టేబుల్, ఆఖరికి ప్రెషర్ కుక్కర్ కూడా.”

“ఇక్కడ కుక్కర్ పడేసేవాళ్ళెవరు?” అంది మా ఆవిడ.

“మనోళ్ళే ఆంటీ. రూమ్ ఖాళీ చేసేటప్పుడు.”

ఆ అబ్బాయి వచ్చి పట్టా ఎత్తి చూపించాడు. నేను అడగకముందే. పరుపు, మైక్రోవేవ్, కాలు విరిగిన బల్ల, బూట్ల స్టాండు. షిఫ్టు త్వరగా అయిపోయిన రోజుల్లో టౌన్‌లో వీధులన్నీ తిరిగి ఏరుకొచ్చినవి. ఈ దేశంలో ఇంటి ముందు పెట్టిన వస్తువు ఎవరికైనా చెందుతుందని వచ్చిన మొదటి నెలలోనే పిల్లలందరూ నేర్చుకుంటారు. ఖాళీ జాగాలో ఒంటరిగా ఉన్న కుర్చీ వాళ్ళకు అలాగే కనిపించింది. జనరేటర్ మాత్రం ఆ సామానులో లేదు. ఇంకెక్కడైనా ఉందేమో అన్న ఆలోచన నాకు రాకపోలేదు.

కుర్చీ సంగతి వివరించాను. అమ్మాయి నవ్వింది.

“ఆర్టీసీ బస్‌లో కర్చీఫ్ వేసినట్టా అంకుల్? ఇట్లా అని ముందే చెప్పొద్దా మాకు?”

అప్పటికప్పుడే కుర్చీ మడిచి ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళింది, క్షమించమని చెప్పింది. ఆయన తీసుకున్నాడు. కుర్చీ తెచ్చిచ్చినవాళ్ళు జనరేటర్ తేలేదేమని ఆయన మనసులో అనుకుంటున్నట్టు నాకు అనిపించింది. ఆయన లోపల ఏముందో చెప్పలేను.

సోమవారం ముసలాయన టౌన్‌కి దిగాడు. మేమూ దిగాం, నా బీపీ మందుల కోసం. పనికి వెళ్ళే ఆ అబ్బాయి తప్ప ఇంకెవరూ దిగలేదు. బుధవారం అధికారి వచ్చాడు.

షెడ్డు నుంచి ఆ అబ్బాయి వచ్చి కాగితం చదువుకుని, తిన్నగా మా బండి దగ్గరికి వచ్చాడు. చేతులింకా బ్లూబెర్రీల రంగులోనే ఉన్నాయి.

“అంకుల్, సోమవారం మీరు టౌన్‌కి వెళ్ళారు కదా?”

“మందులకి వెళ్ళాను.”

“మేము ఎన్నాళ్ళనుంచి ఉన్నామో మీకొక్కరికే చెప్పాం. ఇంకెవ్వరికీ చెప్పలే.”

“నెల దాటిందని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది బాబూ.”

“సరే అంకుల్,” అన్నాడు. నమ్మలేదు. అతని జాగాలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

అప్పుడు వాదించే సమయం లేదు. సాయంత్రంలోగా ట్రైలర్ కదలాలి. మా మోటర్‌హోమ్‌కి వెనక లాగే కొక్కెం లేదు. ఆ ఒడ్డున ఆ బరువు లాగగలిగిన ట్రక్కు ముసలాయనది ఒక్కటే. నేను వెళ్ళి అడిగాను. ఆయన లేచి ట్రక్కు తాళాలు తీసుకున్నాడు.

ట్రైలర్ చక్రాలు మట్టిలో దిగబడిపోయాయి. అబ్బాయీ నేనూ పలకలు పెట్టి తోశాం. లోపల గిన్నెలు పడుతున్న చప్పుడు వినిపిస్తుంటే, అమ్మాయి గ్యాస్ సిలిండర్ రెండు చేతులతో పట్టుకుని పక్కనే నడిచింది. ముసలాయన దాన్ని కొండమలుపు అవతలి మిట్ట మీద నిలిపాడు. అక్కడ నీళ్ళు లేవు, కానీ కొత్త జాగా కనుక కొత్తగా రెండు వారాలు. అమ్మాయి థాంక్స్ చెబితే, జనరేటర్ సంగతి తాను మరిచిపోలేదని చెప్పి ట్రక్కెక్కాడు. ఫోన్ చేసింది ఆయనే అయితే సాయం ఎందుకు చేశాడు? ఫోన్ చేయనివాడైతే ఆ మాట ఎందుకన్నాడు? ఫిర్యాదూ సాయమూ రెండూ ఒకే మనిషి చేయగలడని పత్రికలో పనిచేసిన కాలంలో చూశాను. అది రుజువు కాదు.

తర్వాత పది రోజులకు మిట్ట మీదికి వెళ్ళి చూశాను. ట్రైలర్ లేదు. చక్రాల అచ్చులూ, కాస్త ఉల్లిపొట్టూ ఉన్నాయి. వాళ్ళే కదిలించుకున్నారో, ప్రభుత్వం లాక్కెళ్ళిందో తెలియలేదు. అబ్బాయి నంబరు నా దగ్గర ఉంది. నా ఫోన్ ఎత్తడు.

చలికాలంలో బర్నబీ నుంచి ఆ అధికారి ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు ఎవరికీ చెప్పరట. ట్రైలర్ ఏమైందో కూడా సొంతదారుకే చెబుతారట.

ఆ సోమవారం నేను మందుల షాపు లైనులో నిలబడినంతసేపూ మా ఆవిడ బండిలో కూర్చునే ఉంది. ఫోన్ ఆమె దగ్గరే ఉంది. ఈ సంగతి ఆ అబ్బాయికి చెప్పలేదు. ఆమెను ఇంతవరకూ అడగలేదు.