సున్నం గీత దగ్గర మా మావయ్య

మావయ్య పోయిన కబురు నాకు ఫోన్లో చెప్పింది నాన్నే. "మీ మావయ్య ఇంక లేడమ్మా" అని, "తీర్థం దగ్గర పడింది. పందేనికి ఎవడు నిలబడతాడిప్పుడు?" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. పరామర్శకి వచ్చిన వాళ్లంతా అడిగిందీ అదే.

అరకు లోయలో మా ఊరి అమ్మవారి తీర్థానికి ఏటా గుర్రప్పందెం జరుగుతుంది. రేసుకోర్సు గుర్రాలు కావు. వారమంతా సంతలకి మిరియాలు, ఉప్పు బస్తాలు మోసే పొట్టి కొండగుర్రాలు. పందెం కాసేవాళ్లు ఇరువైపుల సొమ్మూ మావయ్య చేతికే ఇచ్చేవారు. సాలూరు వైపు నుంచి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషి, తను మాత్రం ఒక్క రూపాయి కాసి ఎరగడు. గమ్యం దగ్గర గీసిన సున్నం గీత పక్కన బండరాయి ఎక్కి, భుజాన ఎర్ర తువ్వాలు వేసుకుని, ఎవరు గెలిచారో ఆయన చెప్తే ఇంక దానికి తిరుగులేదు.

ఆయనకో చాదస్తం ఉండేది. గెలిచినవాడు ముందు ఓడిన గుర్రానికి తన చేత్తో దోసెడు నానబెట్టిన ఉలవలు పెట్టాలి. ఆ తర్వాతే డబ్బు. "అది పరిగెట్టబట్టి కదరా నువ్వు గెలిసినావు" అనేవాడు. చెయ్యి చాచి నిలబడ్డవాణ్ణి "అంత బేగి ఏటి? దాన్ని నమలనీ" అని కూర్చోబెట్టేవాడు.

పక్కన నిలబడి నేను గుర్రాల కోసం తొంగి చూస్తుంటే నా తల పట్టుకుని కిందికి వంచేవాడు. "గుర్రాన్ని సూత్తే మనసు దాని ఎనకాలే పోతాది గుంటా. గీతనే సూడు. ఏ గిట్ట ముందు పడ్డాదో అదే సెప్తాది."

నేను ఐదో తరగతి చదివే ఏడాది నాన్నకి పౌరుషం ముంచుకొచ్చింది. పై ఊరి గిరిజన రైతుతో గుర్రానికి గుర్రం పందెం కాశాడు. ఓడినవాడు గుర్రాన్ని ఇచ్చెయ్యాలి. మా గుర్రం మీద సరుకు వేసుకుని, రోడ్డు లేని ఊళ్ల సంతలు తిరుగుతూనే నాన్న మమ్మల్ని పోషించేవాడు. గుర్రాలు బయల్దేరాక గానీ అమ్మకి సంగతి తెలియలేదు. రెండూ ఒక్కసారే గీత దాటినట్టనిపించింది. మా వర్తకులంతా మాదే గెలిచిందని ఒకటే కేకలు. అమ్మ పరిగెత్తుకెళ్లి, "అన్నయ్యా, పిల్లల మొకం సూసి సెప్పు" అంది. మావయ్య ఎవరి మొహమూ చూడలేదు.

"పై ఊరి గుర్రం గిట్టే ముందు పడ్డాది. బావా, నీది ఓడిపోనాది."

నాన్న మారుమాట లేకుండా తాడు అప్పగించాడు. అమ్మ మాత్రం అన్నతో మాట మానేసింది.

ఆ తర్వాతి సంతరోజు తెల్లారేసరికి మావయ్య కావిడితో మా గుమ్మంలో ఉన్నాడు. సంతరోజున కొట్టు మూసుకునే వర్తకుణ్ణి నేను మళ్లీ చూడలేదు. "తీర్పు సెప్పినోడిని నానే. బరువు కూడా నానే మోత్తాను" అన్నాడు. నాన్న ఇంకో గుర్రం కొనేదాకా ప్రతి సంతకీ అలాగే మోశాడు. ఒక సాయంత్రం అమ్మ చోడి అంబలి గిన్నె ఆయన ముందు పెట్టింది. ఒక్క గుక్క తాగి, "ఉప్పు సాలలేదు" అన్నాడు.

"ఉప్పు అమ్మీవోడివి నువ్వే కదా" అంది అమ్మ. అలా మళ్లీ కలిశారు.

నిక్కచ్చి మనుషుల్ని చాలామందినే చూశాను. తమ నిక్కచ్చితనం వల్ల ఎవరి పొయ్యి ఆరిందో వాళ్లు వెనక్కి తిరిగి చూడరు. మావయ్య చూశాడు. అందుకే ఆయనంటే నాకంత గౌరవం. కావిడి మోసిన భుజం మీద కాసిన కాయ చివరిదాకా పోలేదు.

ఈ ఏడు తీర్థం ఆగలేదు. బండరాయి ఎక్కడానికి మాత్రం ఎవరూ ముందుకి రాలేదు. ఆనాడు మా గుర్రాన్ని గెలుచుకున్న రైతు, ఇప్పుడు ముసలాయన, అత్తయ్యని అడిగి తెచ్చిన ఎర్ర తువ్వాలు నాన్న భుజాన వేశాడు.

"నువ్వెక్కు బాబూ. ఓడిన దినం కూడా ఆయన మాట నువ్వు కాదనలేదు."

నాన్న రాయెక్కాడు. దూరాన దుమ్ము లేచింది. జనమంతా మెడలు చాచి, గుర్రాల వైపు చూస్తూ అరుస్తున్నారు. నాన్న ఒక్కడే తల వంచుకుని, సున్నం గీతనే చూస్తూ నిలబడ్డాడు.