గంజి తాగే యానిమల్

మా మామ చెంగల్రాయలు పొద్దున్నే మగ్గం మీది నూలుకు కుంచెతో గంజి రాయనిదే నోట్లో మెతుకు వేసుకోడు. నూలు తెగకుండా ఉండడానికి నేతగాళ్లందరూ చేసే పనే అది. ఈయన మాత్రం "దీనికి పెట్టినాకే నాకు" అంటాడు. ఆయుధపూజ నాడు పొంగలి మొదటి ముద్ద కూడా మగ్గానికే. ఇంటి కోడలినైన నాకు, ఈ గోమతికి, రెండో ముద్ద.

తమిళనాడులోని మా గుడియాత్తంలో సందుకో ఎస్టీడీ బూతూ, వీధికో ఇంగ్లీషు బడీ పుట్టుకొస్తున్న రోజులవి. మా వెనక వీధిలోనూ ఒక బడి తెరిచారు. నాలుగేళ్లు నిండిన మా మహాలక్ష్మిని అందులో చేర్చాలని నాకు పిచ్చి పట్టింది. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని దాని కాళ్లు కూడా మామ కాళ్లలా వంగిపోకూడదు, అంతే. సీట్లు కొన్నే, అడిగేవాళ్లు బోలెడు మంది. హెడ్ మిస్ పిల్లల్ని కూర్చోబెట్టి రంగులూ, పండ్లూ, యానిమల్సూ అడుగుతుందట.

మా ఆయన ఆనంద్‌రాజ్ వేలూరులో తాపీ పనికి పోయి వారానికోసారి వస్తాడు. అందుకని చదువు చెప్పే పని మామ నెత్తిన వేసుకున్నాడు. ఎస్టీడీ బూతు నడిపే గోవిందరాజు దగ్గరికి పోయి "యానిమల్ అంటే ఏందబ్బా?" అని అడిగొచ్చాడు. తినేది, కదిలేది, అరిచేది ఏదైనా యానిమలే అని చెప్పి పంపాడు ఆ మహానుభావుడు.

ఇంకేముంది, తాతా మనవరాలూ వీధిన పడ్డారు. మేక తింటుంది, కదులుతుంది, అరుస్తుంది, కాబట్టి యానిమల్. పిల్లీ యానిమలే. ఎదురింటి పాపాతవ్వ కూడా యానిమలేనని మా పిల్ల వీధి మధ్యలో కేక పెడితే, ఆమె చీపురు పట్టుకుని వచ్చింది. బిందె తినదు, కాబట్టి కాదు. నాకు నవ్వు ఆగలేదు. అలా తిరిగి తిరిగి పిల్ల మగ్గం ముందు ఆగింది. మా ఇళ్లలో మగ్గాన్ని అరవంలో తరి అనే అంటాం.

"తాతా, మరి తరి?"

మామ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "గంజి తాగతాది. తొక్కితే కదలతాది. టక్కు టక్కుమని అరస్తాది. అదీ యానిమలే తల్లీ."

"కట్టెకు ప్రాణం యాడుండాది మామా? పిల్లకు తప్పు నేర్పొద్దు" అన్నాను.

"ఇన్నాళ్లూ నీకు కూడు పెట్టింది కట్టెనా?" అని కస్సుమన్నాడు. ఆ పూట అన్నం కూడా తనే వడ్డించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ ముసలాయన మురిపెం నా బిడ్డ సీటుకు ఎసరు పెడుతుందని భయం వేసింది. బళ్లో తరి మాట ఎత్తనని పిల్ల చేత ఒట్టు వేయించుకున్నాను.

నాలుగేళ్ల పిల్ల ఒట్టు ఎంతసేపు నిలుస్తుంది? మామా నేనూ పిల్లను బడికి తీసుకుపోయిన రోజు హెడ్ మిస్ కోకిల అరవంలో అడిగితే ఆవు, మేక, పిల్లి అని ముద్దుగా చెప్పి, చివర్న "తరి" అంది. ఎందుకని మిస్ అడిగితే గంజి సంగతంతా చెప్పింది.

మామ లేచి చేతులు కట్టుకున్నాడు. "మిస్సమ్మా, నేర్పింది నేను. ఫెయిలు చేస్తే నన్ను చెయ్యండి."

ఆమె నవ్వి, ఆయన్ని కూర్చోమని, పిల్లవైపు తిరిగింది. "మేకకు పిల్లలు పుడతాయా?"

"ఓ! పక్కింట్లో రెండు పుట్టినాయి."

"తరికి?"

మహాలక్ష్మి నోట్లో వేలు పెట్టుకుని ఆలోచించింది. "పుట్టవు. తరిని వడ్రంగి ఆచారి కొయ్యతో చేస్తాడు" అంది.

"అయితే అది యానిమలేనా?"

"కాదు" అంది, తాతవైపు జాలిగా చూస్తూ.

"తప్పు చెప్పినా తనే ఆలోచించి దిద్దుకుంది. సోమవారం నుంచి పంపండి" అంది మిస్. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. మామ మీద కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన దార్లో మిఠాయి కొన్నాడు, పిల్లను భుజాన ఎక్కించుకున్నాడు. ముఖం మాత్రం వాడిపోయింది. పాపం అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే గంజి కలుపుకుని మగ్గం దగ్గరికి వెళ్లాడు. కుంచె ముంచి నూలు మీద రాస్తూ, "ఏందే, నువ్వు యానిమల్ కా..." అని మొదలుపెట్టాడు.

కొత్త పలక పట్టుకుని తిరుగుతున్న మహాలక్ష్మి పరుగున పోయి ఆయన నోరు మూసింది.

"ఇప్పుడు చెప్పొద్దు తాతా. గంజి తాగనీ."