గచ్చు మీద పెడితే ఆగే ఆట

ఒట్టు పెట్టుకోకూడదని మా సంఘంలో చిన్నప్పటి నుంచి నేర్పారు. అందుకే పెట్టను. ఆదివారం నిలబడి సాక్ష్యం ఎలా చెప్తానో, ఇదీ అలాగే చెప్తున్నాను. జరిగింది. గోదావరిఖనిలో, మా క్వార్టర్లో, నాకే.

నేను బొగ్గుబాయిలో పనిచేస్తాను. డ్యూటీ లేనప్పుడు దోస్తులతో లాప్‌టాప్‌లో తుపాకుల ఆట. ఆ రాత్రి తెల్లారితే మా జట్టుకు ఫైనల్. ఆ వారమే లాప్‌టాప్ వేడెక్కి, నీలం తెర పడి ఆగిపోయింది. అప్పటి నుంచి మంచం మీద కాకుండా, చల్లగా ఉంటుందని గచ్చు మీద పెట్టి ఆడుతున్నాను. ఆటకు నత్తి పట్టింది. బొమ్మ పరుగెత్తుతూ... ఆగుతుంది. మళ్లీ పరుగు... ఆగుతుంది.

డ్రైవర్లు మార్చాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. ఫ్యాన్ విప్పి బొగ్గు దుమ్ము ఊదాను. ఇక ఏడుపొక్కటే తక్కువ. మా జట్టు పెద్ద శ్రీను మందమర్రి నుంచి ఫోన్ చేసి, పొద్దున వరకు బాగుకాకపోతే నా జాగలో వాళ్ల బావమరిదిని తీసుకుంటానన్నాడు. ఆ బావమరిదికి తుపాకీ ఏ వైపు పేలుతుందో తెలియదు.

ప్రార్థనలో ఇంతసేపు ఎప్పుడన్నా కూర్చున్నావా అని మంచం మీది నుంచి నా భార్య రూతు దెప్పింది.

కోపంతో లాప్‌టాప్‌ను చేతుల్లోకి ఎత్తాను. ఆట నీళ్లలా సాగింది. కింద పెట్టాను... ఆగింది. ఎత్తాను... సాగింది. పాత లాప్‌టాప్, లోపల తిరిగే డిస్కు; కింద అదిరితే అది ఆగుతుందని విన్నాను.

గచ్చుకు అరచెయ్యి ఆనించాను.

టక్.

ఆగి... టక్. కొంచెం జరిగి... టక్.

ఆ దెబ్బ నాకు తెలుసు. రోజూ నేను కొట్టేదే. బాయిలోకి దిగగానే పైకప్పును రాడ్డుతో కొట్టి వింటాం. ఖంగుమంటే గట్టిది. బోలుగా మోగితే బయటికి రావాలి. కానీ మా కాలనీ కింది బాయి నేను పుట్టకముందే మూతబడింది. దాని నిండా నీళ్లే.

ప్రభువా అన్నాను. దెబ్బలు దగ్గరికొచ్చాయి. సరిగ్గా నా చెయ్యి కింద...

డొబ్.

"రూతూ, లే. బయటికి నడువు."

"ఏమైంది?"

"కప్పు మంచిగ లేదు."

ఆమె పైకి చూసింది. నేను గచ్చు వైపు చూస్తున్నాను.

తెల్లారే వరకు వాకిట్లో నిలబడ్డాం. ఏమీ కాలేదు. గచ్చుకు చిన్న పగులు కూడా లేదు. పొద్దున రామకృష్ణాపూర్ వెళ్లి, అత్తగారింట్లో నేల మీదే పెట్టి ఆడాను. ఒక్కసారీ ఆగలేదు. గెలిచాం. "ఏం మార్చినవన్న?" అన్నాడు శ్రీను. ఇల్లు అన్నాను. నవ్వాడు.

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, ఇక భయం లేదన్నారు. ఆయన మాట నమ్ముతాను. అయినా నిద్ర పట్టదు. బోలుగా మోగాక మేం బయటికి వచ్చాం... సరే. మరి కింద కొట్టినవాళ్లు? వాళ్లు ఎటు నుంచి బయటికి వచ్చారు?