ఏ పేట బాబూ?

పంతొమ్మిది వందల యాభైల్లో నేను పాడేరులో గుమాస్తాగా ఉన్నప్పుడు, అక్కడి సర్కారు బంగళా వంటమనిషి చేతి అన్నమే తినేవాణ్ణి. ఆమెది కొండమీద గూడెం. పెళ్లయిన కొత్తలో మొగుడి వెంట విశాఖపట్నం వెళ్లి, అక్కడి పేటలన్నీ తిరిగి విస్తరాకులు అమ్మిందట. అందుకే పట్నంనుంచి ఎవరొచ్చినా పేరు అడిగేది కాదు. “ఏ పేట బాబూ?” అనేది.

ఒకసారి కొత్త ఆఫీసరు వచ్చాడు. మహా కోపిష్టి అని అప్పటికే విన్నాం. భోజనానికి కూర్చోగానే ఆమె అడగనే అడిగింది.

“మహారాణిపేట,” అన్నాడు ముక్తసరిగా.

“ఓలమ్మ! ఆ పేటోలు గేటుకాడే నిలబెట్టి బేరమాడతారు బాబూ. అల్లిపురపోలయితే ముందు గంజి పోసి, తరవాత ఆకులు సూసీవోరు.”

పక్కన కూర్చున్న నేను ఆమె పని ఊడిందనే అనుకున్నాను. ఆఫీసరు పగలబడి నవ్వాడు.

“పుట్టింది అల్లిపురంలోనే అమ్మా. ఉద్యోగం వచ్చాకే అటు మారాను.”

“మరా ముక్క ముందే సెప్పొద్దేటి?” అంటూ ఆమె కోడికూర గిన్నె మొత్తం ఆయన విస్తరిలో వంచేసింది.

ఆ పూట నేను చారుతోనే, ఎంతో సంతోషంగా భోజనం ముగించాను.