ఆమెన్ అన్న పాపానికి

నన్ను ఎవరూ బడి మానిపించలేదు, నేనే ఇష్టపడి మానుకున్నానని ఊరంతా అంటుంది. కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఈమధ్య నేనూ ఔనంటున్నాను.

మాది గురజాల దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి. మాచర్ల అవతల డ్యాం కడుతున్న రోజులు. లారీలు లేపిన దుమ్ము బల్లల మీద ఎంత తుడిచినా ఉండేది. మూడో తరగతికి టీచర్ని నేను. మా ఆయన పోయాక, కడుపున కాయ లేని నాకు ఆ పిల్లల గోలే కాపురం.

ఒక శనివారం పాస్టరు గారు టీచర్లందర్నీ పిలిచారు. బడికి మేనేజరు కూడా ఆయనే. పైనుంచి వచ్చే డబ్బు తగ్గిందట, ఒక టీచరు తగ్గాలట.

"ఎవర్నీ తీసెయ్యటం నాకిష్టం లేదు. పెద్దవాళ్లలో ఎవరన్నా తమంతట తామే ముందుగా రిటైరైతే చేతిలో కొంత సొమ్ము పెడతాం. మిషన్ కాంపౌండులో ఉంటున్న గది కూడా వాళ్లకే ఉంచుతాం. లేదంటే ఆఖరున చేరినవాళ్లని పంపాల్సొస్తది" అన్నారు.

ఆఖరున చేరింది ఒకప్పుడు నా దగ్గరే చదివిన పిల్ల. ఒకటో తరగతి చెబుతుండేది. కడుపుతో ఉంది. మొగుడు లారీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఆ పిల్ల తలెత్తలేదు.

పెద్దవాళ్లం ఇద్దరమే, హెడ్మాస్టరు గారూ నేనూ. ఇంటినిండా పిల్లలున్న మనిషి ఆయన. గోడ గడియారం వైపు చూస్తూ "మీకేముందమ్మా, ఒక్క ప్రాణం" అన్నారు.

"ఒక్క ప్రాణానికి ఆకలి కాదా ఏంది? ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది నాకు" అన్నాను. ఒళ్లు మండిపోయింది. నిజానికి తిండి సంగతి కాదు. పొద్దున్నే లేచి ఇక ఎక్కడికి పోవాలి? ఆ ముక్క పైకి అనడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆలోచించుకుంటానని చెప్పి లేచి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక ఇంటికి బయల్దేరబోతుంటే పాస్టరు గారు నన్ను ముందుకు రమ్మన్నారు. చూస్తే బల్ల మీద బంతిపూల దండ, మడత విప్పని శాలువా. నోరు తెరిచేలోపే దండ మెడలో పడింది. ప్రార్థన చేసుకుందాం అన్నారు. అందరి తలలూ వంగాయి. నాదీ వంగింది.

ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే, ఆ రోజు మరీను. మన సహోదరి చిన్నవాళ్ల కోసం సంతోషంగా తన పని విడిచిపెట్టినందుకు స్తోత్రం అన్నారు. సంతోషమట! ప్రార్థన మధ్యలో లేచి అది అబద్ధం అయ్యగారూ అనే ధైర్యం మా సంఘంలో ఎవరికుంది? అయిపోనీ, అప్పుడు చెబుతా అని పళ్లు బిగించుకుని నిలబడ్డాను. చివర అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మాటలొచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు, నోరు దానంతటదే అనేసింది. కళ్లు తెరిచేసరికి ఆడవాళ్లు చుట్టుముట్టి "చానా పెద్ద మనసక్కా నీది" అంటూ ఒకటే ఏడుపు. ఇక ఏం చెప్పను, నా మొహం!

సోమవారం గంట కొట్టే వేళకు బడికి వెళ్లాను. ఆమెన్ లేదు గీమెన్ లేదు, నా కుర్చీ నాదే అని తేల్చుకుందామనే వెళ్లాను. గదిలో ఆ పిల్ల ఉంది. తన ఒకటో తరగతినీ నా మూడో తరగతినీ కలిపి కూర్చోబెట్టుకుంది. నన్ను చూసి బల్ల పట్టుకుని లేచింది.

"రాత్రి నిద్ర పట్టింది టీచరమ్మా. చానా రోజులకి" అంది.

కూడబెట్టుకొచ్చిన కోపమంతా ఏమైపోయిందో. "గొడుగు మర్చిపోయానే, దానికోసం వచ్చా" అన్నాను. తలుపు వెనకాల ఉన్న నా గొడుగు తీసుకుని బయటికొచ్చాను. నేను ఇష్టపడి మానుకున్నానంటే అది ఆ నిమిషంలోనే, ఆదివారం కాదు.

గేటు దాకా వచ్చేసరికి ఎక్కాలు మొదలయ్యాయి. ఏడో ఎక్కంలో పిల్లలు ఎప్పుడూ తప్పే చోటే తప్పారు. నా కాళ్లు ఆగిపోయాయి.

"ఆగండ్రా, మళ్లీ మొదట్నించీ" అంది ఆ పిల్ల లోపల్నించి. అచ్చం నేను అన్నట్టే అంది. ఇక నేను అక్కడ నిలబడి చేసేదేం లేదు. కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చాను.